నల్ల తెర మీద ఎరుపేదీ?

కొత్త ఉద్యోగంలో మూడో రోజు. పక్క సీటావిడ మీ తెర వైపు తిరిగి, "అదిగో, ఎర్రగా వచ్చిన గడి ఉందే, తప్పు అక్కడే" అంటుంది. మీ తెర మీద ఎరుపన్నదే లేదు. పైనుంచి కింది దాకా ఒకటే ఆకుపచ్చ. అప్పుడు మీరేం చేస్తారు? "నాకు ఎరుపు కనబడటం లేదండీ" అంటారా? కనబడినట్టే తల ఊపి, ఆవిడ అటు వెళ్ళాక ఒక్కో గడీ వెతుక్కుంటారా?

నేను తల ఊపాను. మార్కమ్‌లో ఒక బీమా కంపెనీ, కెనడాలో నాకు మొదటి ఉద్యోగం. వారం పాటు అలా తల ఊపుతూనే ఉన్నాను. పాలసీ ఎంట్రీ తిరిగొచ్చిన ప్రతిసారీ ఏ గడిలో తప్పుందో తెలియక అన్నీ మొదటినుంచీ మళ్ళీ చదివేదాన్ని. మిగతావాళ్ళు గంటలో ముగించే పని నాకు మధ్యాహ్నం దాకా పట్టేది. ఈ దేశంలో ఉద్యోగానికి నేను పనికిరానేమో అనుకుని ఇంటికి వెళ్ళే బస్సులో ఏడ్చిన రోజు కూడా ఉంది.

రెండో వారంలో, వెనక వరసలో కూర్చునే గుంటూరు పెద్దాయన టీ కప్పుతో అటుగా వెళ్తూ నా దగ్గర ఆగారు.

"ఏమ్మా, నీ తెర మీద ఎరుపేదీ?"

"ఎరుపు ఉండాలాండీ?"

"ఉండకపోతే పని ఎట్టా చేస్తున్నావమ్మా ఇన్నాళ్ళూ?"

కప్పు పక్కన పెట్టి, నా మౌస్ తీసుకున్నారు. సెషన్ సెట్టింగుల్లో టెర్మినల్ రకం 3278 అని ఉంది. దాన్ని 3279 చేసి, కనెక్షన్ తెంపి మళ్ళీ కలిపారు. నిమిషం కూడా పట్టలేదు. తెర నాలుగు రంగుల్లో వచ్చింది. మధ్యలో ఒక గడి ఎర్రగా ఉంది. పుట్టినతేదీలో నెలా రోజూ తారుమారయ్యాయి, అంతే.

ఇప్పుడు ఆ వారంలో ఉన్నవాళ్ళ కోసమే ఈ అధ్యాయం. మీరు హైదరాబాదులో కొత్త లాప్‌టాప్ మీద, అన్నీ మౌస్‌తో జరిగే సాఫ్ట్‌వేర్‌లో పని నేర్చుకుని ఉంటారు. ఇక్కడికొచ్చి బ్యాంకులోనో బీమా కంపెనీలోనో గోదాములోనో కూర్చుంటే, ఎదురుగా 80 అక్షరాల వెడల్పు, 24 వరసల ఎత్తు ఉన్న నల్ల తెర. బోల్డ్ బోల్డ్‌లా లేదు, గీతల పెట్టె ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలున్నాయి, మాంట్రియల్ పేరు చెడిపోయింది. వీటిలో ఏ ఒక్కటీ మీ తెలివికి సంబంధించింది కాదు. ఎక్కడో ఒక సెట్టింగు, రెండోచోట ఉన్న సెట్టింగుతో కలవలేదు. ఆ చోటు కనిపెట్టడమే మన పని.

ఒక్కమాట ముందే చెబుతాను. కమాండ్లను నేను ఫోనులో చెప్పినట్టే తెలుగులో చెబుతున్నాను. మీరు వాటిని మామూలుగా ఇంగ్లిషులో, చిన్న అక్షరాలతో కొట్టండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట ఆ సంగతి చెబుతాను.

1. ముట్టుకునే ముందు ఫొటో తీసుకోండి

సెట్టింగుల కిటికీ తెరవగానే ఏదో ఒకటి నొక్కి చూద్దామనిపిస్తుంది. ఆగండి. ఇప్పుడున్న సెట్టింగుల తెరను బొమ్మగా దాచుకోండి. సెషన్‌ను ఇంకో పేరుతో సేవ్ చేసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చేయండి. అసలుది అలాగే ఉంటే సాయంత్రానికి ఎన్ని చెడగొట్టినా రేపు పొద్దున పని ఆగదు.

పుట్టీ (సర్వరుకు కలిపే ప్రోగ్రాము) వాడేవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే ఉంది. నడుస్తున్న కిటికీలో సెట్టింగు మారుస్తారు, బాగుపడుతుంది, సంతోషిస్తారు. మర్నాడు తెరిస్తే మళ్ళీ పాతదే. ఎందుకు? నడుస్తున్న కిటికీలో మార్చింది ఆ కిటికీ వరకే. నిలవాలంటే మొదటి పేజీకి వెళ్ళి, సెషన్ పేరు ఎంచుకుని, లోడ్ నొక్కి, మార్చి, మళ్ళీ మొదటి పేజీకే వచ్చి సేవ్ నొక్కాలి. ఆఖరిది మరిచిపోవడం వల్ల ఒకే సెట్టింగును నెలల తరబడి రోజూ మార్చుకునేవాళ్ళను నేను చూశాను.

2. ముగ్గురిలో తప్పు ఎవరిదో తేల్చండి

తెర మీద ఒక అక్షరం బోల్డ్‌గా కనబడాలంటే ముగ్గురి మాట కలవాలి. అవతలి మెషీన్‌లో నడిచే ప్రోగ్రాము "బోల్డ్ కావాలి" అంటుంది. టెర్మ్ అనే పేరు, మన భాషలో దుబాసి, "ఈ తెరకు బోల్డ్ చెప్పాలంటే ఫలానా సంకేతం పంపు" అని నిఘంటువు చూసి చెబుతుంది. మీ కంప్యూటర్‌లో ఉన్న ఎమ్యులేటరు ఆ సంకేతం అందుకుని తెర మీద గీస్తుంది. దుబాసి ఒక భాష పలికి, గీసేవాడికి ఇంకో భాష వస్తే ఏమవుతుంది? మీరు ఇప్పుడు చూస్తున్నదే అవుతుంది.

ఈ సంకేతాల భాష పాతది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 అనే టెర్మినల్ దాన్ని అంతటా వ్యాపింపజేసింది. ఇవాళ మీరు వాడే పుట్టీ, ఎక్స్‌టెర్మ్ లాంటివన్నీ ఇంకా దాని వేషమే వేస్తున్నాయి. అందుకే వాటిని ఎమ్యులేటర్లంటారు.

యూనిక్స్, లినక్స్ సర్వర్ల మీద పని చేసేవాళ్ళు ఈ పరీక్ష చేయండి. ముందు "ఎకో", ఖాళీ, డాలర్ గుర్తు, దానికి అంటించి "టెర్మ్" పెద్ద అక్షరాల్లో. దుబాసి పేరు వస్తుంది. తర్వాత "టీపుట్ కలర్స్". 8 అని గాని 256 అని గాని వస్తే రంగులున్నాయని దుబాసి నమ్ముతున్నట్టు. మైనస్ 1 వస్తే, ఈ తెరకు రంగులు లేవని అతని నమ్మకం. టెర్మ్ విలువ వీటీ100 అని ఉన్నచోట అదే వస్తుంది. అప్పుడు ఎమ్యులేటరులో రంగుల పేజీ ఎంత తిప్పినా ప్రయోజనం లేదు.

ఆ తర్వాత "టీపుట్ బోల్డ్" కొట్టి ఏదైనా ఒక మాట ఎకో చేయండి. చూసి, "టీపుట్ ఎస్‌జీఆర్ సున్నా" కొడితే మామూలుకు వస్తుంది. బోల్డ్ బదులు "ఎస్ఎమ్‌యూఎల్" అంటే కింద గీత, "రెవ్" అంటే తిరగేసిన రంగులు. నాలుగు మాటలు, నాలుగు ఫలితాలు. కాగితం మీద రాసుకోండి. ఈ పరీక్షలో సరిగ్గా వచ్చి మీ ప్రోగ్రాములో మాత్రం రాకపోతే తప్పు ప్రోగ్రాముది. పరీక్షలోనే రాకపోతే దుబాసిదో, గీసేవాడిదో.

పరీక్ష ముగిశాక పక్క సీటువాళ్ళ తెర మీద కూడా ఇవే కొట్టి చూడమనండి. వాళ్ళకు వచ్చి మీకు రాకపోతే సగం పని అయిపోయినట్టే. తేడా మీ ఇద్దరి సెట్టింగుల మధ్యే ఉంది.

3. బోల్డ్ అంటే ఏమిటో ఎమ్యులేటరుకు చెప్పండి

పాత టెర్మినల్‌కు ఒకే ఫాంటు. అందుకే చాలా ఎమ్యులేటర్లు బోల్డ్‌ను లావు అక్షరంగా కాకుండా కాస్త వెలుగున్న రంగుగా చూపిస్తాయి. పుట్టీలో రంగుల పేజీలో మూడు దారులుంటాయి: బోల్డ్‌కు ఫాంటు మార్చాలా, రంగు మార్చాలా, రెండూనా. మామూలుగా రంగు ఎంచుకుని ఉంటుంది.

దీనివల్ల ఏమవుతుందో ఒక సందర్భం చెబుతాను. కిటికీ పక్క సీటు, ఫిబ్రవరి, బయట మంచు మీద ఎండ. నల్ల తెర మీద మీ ముఖమే కనబడుతోంది. విసుగొచ్చి వెనక రంగు తెలుపు, అక్షరం నలుపు చేసుకున్నారు. హాయిగా ఉంది. కాసేపటికి ఒక మాన్యువల్ పేజీ తెరిస్తే శీర్షికల చోట అంతా ఖాళీ. ఎక్కడికి పోయాయి? ఎక్కడికీ పోలేదు. పుట్టీలో బోల్డ్ అక్షరానికి వేరే రంగు గడి ఉంది, అందులో తెలుపే ఉండిపోయింది. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు. రంగు మార్చేటప్పుడు మామూలు అక్షరం, బోల్డ్ అక్షరం, మామూలు వెనక రంగు, బోల్డ్ వెనక రంగు, ఈ నాలుగూ కలిపి మార్చాలి.

ఇక నీలం. నల్ల తెర మీద ముదురు నీలం చదవలేక కళ్ళు చికిలించని ఉద్యోగిని నేను చూడలేదు. పుట్టీ మామూలు నీలానికి ఎరుపు 0, పచ్చ 0, నీలం 187 అని పెట్టి ఉంటుంది. నలుపు మీద అది చదివే రంగు కాదు. నేను 90, 150, 255 పెట్టుకుంటాను. బోల్డ్ నీలాన్ని ఇంకాస్త లేతగా చేస్తాను. ఒక్క నిమిషం పని, ఏడాది పొడవునా కళ్ళకు విశ్రాంతి. మిగిలినవాటన్నిటి కంటే ముందు, ఇవాళే, ఇదొక్కటి చేయండి.

ఎరుపు, పచ్చ తేడా తెలియని కళ్ళవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు, మగవాళ్ళలో ఎక్కువ. చాలామంది ఆ సంగతి ఆఫీసులో చెప్పరు. మీరు అలాంటివారైతే ఎరుపు బదులు మీ కళ్ళకు తేడా తెలిసే ఇంకో రంగు పెట్టుకోండి. ఎమ్యులేటరు రంగు మీ తెర వరకే మారుతుంది, అవతల డేటాకు ఏమీ కాదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

4. చెడిన అక్షరమే తప్పెక్కడో చెబుతుంది

కెనడాలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ, కారణం రెండు అధికార భాషలు. మాంట్రియల్, క్యుబెక్, త్ర్వా-రివియేర్ లాంటి ఊళ్ళ పేర్లలో ఫ్రెంచి గుర్తులుంటాయి. కస్టమర్ల ఇంటిపేర్లలో ఉంటాయి. అవి చెడిపోయి కనబడితే కంగారుపడకండి, ఎలా చెడ్డాయో చూడండి.

ఫ్రెంచి ఇ ఒక్కటి ఉండాల్సిన చోట రెండు గుర్తులు వచ్చాయా? అలల గీత ఉన్న పెద్ద ఏ, పక్కనే © గుర్తు? అయితే అవతలి నుంచి వస్తున్నది యూటీఎఫ్-8, మీ ఎమ్యులేటరు దాన్ని పాత లాటిన్-1గా చదువుతోంది. పుట్టీలో ట్రాన్స్‌లేషన్ పేజీకి వెళ్ళి యూటీఎఫ్-8 ఎంచుకోండి.

రెండు గుర్తులు కాకుండా నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వచ్చిందా? అది ఎదురు దిశ. అవతలిది పాత సర్వరు, లాటిన్-1 పంపుతోంది. మీ తెర యూటీఎఫ్-8 కోసం చూస్తోంది. అప్పుడు ఎమ్యులేటరును ఐఎస్ఓ-8859-1కో (లాటిన్-1 అంటే ఇదే), 8859-15కో మార్చాలి. ఫ్రెంచిలో ఓ, ఇ అతుక్కుని ఉండే అక్షరం, యూరో గుర్తు 15లోనే ఉన్నాయి, 1లో లేవు. "లొకేల్" అని కొడితే సర్వరు ఏం పంపుతుందో తెలుస్తుంది. ఈఎన్, అండర్‌స్కోర్, సీఏ, చుక్క, యూటీఎఫ్-8 అని వస్తే కెనడా ఇంగ్లిషు, కొత్త పద్ధతి. చుక్క తర్వాత ఏమీ లేకపోతే పాత పద్ధతి అని అనుమానించండి.

మనవాళ్ళకు పనికొచ్చే గుర్తు ఇంకొకటి. ఏదైనా ఫైల్లో తెలుగు ఉండి, తెర దాన్ని లాటిన్-1గా చదివితే, చిన్న ఏ మీద వాలుగీత, పక్కన ° గుర్తు లేదా ± గుర్తు, ఇవే పదే పదే వస్తాయి. తెలుగు అక్షరం ప్రతిదీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మొదటి రెండు బైట్లు ఎప్పుడూ ఈ రెండు జతల్లో ఒకటే. కాబట్టి డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు గుంపుగా కనబడితే అది చెత్త కాదు, మన భాషే. ఇంట్లో కొడుకు పంపిన ఫైలు సర్వరు మీద తెరిచి చెడిపోయిందనుకుని తీసేయబోయిన ఒకాయనను ఈ గుర్తు చూసే ఆపగలిగాను.

యూటీఎఫ్-8 పెట్టాక కూడా పాత టెర్మినల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్క మీద కట్టిన తెర అది. మన లిపి ఆ గడుల్లో ఒదగదు. ఎమ్ఎల్‌టెర్మ్ లాంటివి భారతీయ లిపులను దృష్టిలో పెట్టుకుని చేశారు. అది లేకపోతే తెలుగు ఫైలును మీ కంప్యూటర్‌కు తెచ్చుకుని మామూలు ఎడిటర్లో చదవండి. ఇక్కడ సెట్టింగులతో కుస్తీ పట్టడం కాలం వృథా.

5. పెట్టె గీతల చోట ఎల్, క్యూ, క్యూ, కె

మెనూ చుట్టూ గీతల పెట్టె ఉండాల్సిన చోట చిన్న ఎల్, వరసగా క్యూలు, చివర కె కనబడుతున్నాయా? వీటీ100 గీతల అక్షరాలవి. "ఇప్పటినుంచి గీతలు" అని ప్రోగ్రాము చెప్పిన మాట మీ తెర వినలేదు. పుట్టీ యూటీఎఫ్-8లో ఉన్నప్పుడు తరచూ ఇలా అవుతుంది. కొత్త వెర్షన్లలో ట్రాన్స్‌లేషన్ పేజీలోనే, యూటీఎఫ్-8లో కూడా వీటీ100 గీతలు గీయమని ఒక టిక్కు ఉంది. అది లేని పాత వెర్షన్ అయితే సర్వరు వైపు "ఎన్‌కర్సెస్, నో, యూటీఎఫ్8, ఏసీఎస్" అన్న మాటలను పెద్ద అక్షరాల్లో అండర్‌స్కోర్లతో కలిపి, విలువ 1 ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇంకో చిత్రం కూడా ఎదురవుతుంది. పొరపాటున ప్రోగ్రాము ఫైలునో, జిప్ ఫైలునో "క్యాట్" చేశారు. ఆ తర్వాత మీరు ఏం కొట్టినా గీతలే పడుతున్నాయి. కిటికీ మూసేయకండి. తెర మీద అర్థంకాకపోయినా గుడ్డిగా "రీసెట్" అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఎంటర్ పనిచేయకపోతే కంట్రోల్-జె. ఎక్స్‌టెర్మ్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని మౌస్ మధ్య బొత్తాం నొక్కితే వచ్చే మెనూలో ఫుల్ రీసెట్ ఉంటుంది.

6. మెయిన్‌ఫ్రేమ్ ముందు కూర్చున్నవాళ్ళకు

నా ఎరుపు కథ ఇక్కడిదే, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఐబీఎమ్ 3270 కుటుంబం 1971లో వచ్చింది. అందులో 3278 ఒకే రంగు తెర. 1979లో వచ్చిన 3279 రంగుల తెర. మీ ఎమ్యులేటరు వీటిలో ఏ వేషం వేయాలో సెషన్ సెట్టింగుల్లో ఉంటుంది. 3279 ఎంచుకుంటే నాలుగు మూల రంగులు ఒక క్రమంలో వస్తాయి: మీరు టైప్ చేయగల మామూలు గడి ఆకుపచ్చ, టైప్ చేయగల గాఢమైన గడి ఎరుపు, మీరు ముట్టుకోలేని పేర్లు నీలం, ముట్టుకోలేని గాఢమైన శీర్షికలు, సందేశాలు తెలుపు. ఈ నాలుగూ గుర్తుంటే ఎన్నడూ చూడని ప్యానెల్ ముందు కూర్చోబెట్టినా ఎక్కడ టైప్ చేయాలో, ఎక్కడ చేయకూడదో తెలుస్తుంది. తప్పు పడ్డ గడిని గాఢం చేసి చూపించమని ప్రోగ్రాము రాసినవాళ్ళు చెప్పారు. 3278లో అది కాస్త ఎక్కువ ఆకుపచ్చగా మెరిసింది. నా కళ్ళకు ఆ తేడా అందలేదు.

ఎక్స్‌టెండెడ్ అట్రిబ్యూట్స్ అని ఒక టిక్కు కూడా ఉంటుంది. అది ఉంటేనే ఏడు రంగులు, కింద గీత, తిరగేసిన రంగులు వస్తాయి. ఇవి మార్చాక కనెక్షన్ తెంపి మళ్ళీ కలపాలి. తెర గుణాల గురించి రెండు వైపులా కనెక్షన్ కలిసేటప్పుడే మాట్లాడుకుంటాయి. మధ్యలో మారిస్తే హోస్టుకు, అంటే అవతలి మెయిన్‌ఫ్రేముకు, తెలియదు. మోడల్ 2 అంటే 24 వరసలు, 80 నిలువులు. మోడల్ 5 అంటే 27 వరసలు, 132 నిలువులు. జాబ్ అవుట్‌పుట్ చదివేవాళ్ళు మోడల్ 5 పెట్టుకుంటే కుడివైపు జరుపుకుంటూ చదివే బాధ తప్పుతుంది.

తర్వాత కోడ్ పేజీ, అంటే ఏ సంకేతానికి ఏ అక్షరమో చెప్పే పట్టిక. కెనడాలో 037, 500 రెండూ ఎదురవుతాయి. మొదటిది అమెరికా, కెనడా ఇంగ్లిషుకు, రెండోది బహుభాషలకు. ఫ్రెంచి గుర్తుల అక్షరాలు రెండింట్లోనూ ఒకే చోట ఉంటాయి. అందుకే "మాంట్రియల్ సరిగ్గానే వస్తోందిగా, కోడ్ పేజీ బాగానే ఉంది" అనుకుని మోసపోతారు. అసలు తేడా బ్రాకెట్ల దగ్గర. హోస్టు 037, మీది 500 అయితే ! గుర్తు ] లాగా, | గుర్తు ! లాగా కనబడుతుంది. హోస్టు 500, మీది 037 అయితే [ బదులు ¢ వస్తుంది. ప్రోగ్రాము రాసేవాళ్ళకు ఇది ప్రమాదం. తెర మీద చూసి సరిదిద్దామనుకుని అసలు గుర్తునే మార్చేస్తారు. సందేహం ఉంటే ఒక పాత ప్రోగ్రాములో బ్రాకెట్లున్న వరస తెరిచి చూడండి, దేన్నీ మార్చకండి.

ఈ దేశంలో పాత ఆఫీసుల్లో హోస్ట్‌ఎక్స్‌ప్లోరర్ అనే ఎమ్యులేటరు మీ చేతికి రావచ్చు. టొరంటోలో 1984లో మొదలైన హమ్మింగ్‌బర్డ్ కంపెనీది అది; 2006లో వాటర్లూలోని ఓపెన్‌టెక్స్ట్ ఆ కంపెనీని కొన్నది. పేర్లు, మెనూలు ఎమ్యులేటరును బట్టి మారతాయి. వెతకాల్సినవి మాత్రం ఇవే: మోడల్, ఎక్స్‌టెండెడ్, కోడ్ పేజీ, రంగులు.

7. ఫాంటును పోస్టల్ కోడ్‌తో పరీక్షించండి

ఫాంటు పెద్దది చేసుకోవడం అందరికీ తెలుసు. సున్నాకీ ఓకీ తేడా తెలిసే ఫాంటు ఎంచుకోవడం చాలామందికి తట్టదు. కెనడా పోస్టల్ కోడ్‌లో అక్షరం, అంకె ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అందుకే డి, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అక్షరాలను అందులో అసలు వాడరు. ఈ నియమం తెలిస్తే, కోడ్‌లో గుండ్రంగా కనబడింది సున్నాయే అని మీకు తెలుస్తుంది. పాలసీ నంబర్లకు, పార్టు నంబర్లకు ఆ రక్షణ లేదు. సున్నా, ఓ, ఒకటి, చిన్న ఎల్, పెద్ద ఐ, ఎనిమిది, బి, ఐదు, ఎస్. వీటిని ఒక వరసలో కొట్టి, కుర్చీలో వెనక్కి వాలి చూడండి. తేడా తెలియకపోతే ఫాంటు మార్చండి. కన్సోలాస్‌లో సున్నాకు అడ్డగీత ఉంటుంది. కొరియర్ న్యూలో ఉండదు.

8. దుబాసికి అబద్ధం నేర్పకండి

ఇది అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు. రంగులు రావడం లేదంటే, ఎవరో చెప్పారని టెర్మ్ విలువను ఎక్స్‌టెర్మ్-256కలర్ అని హోమ్ డైరెక్టరీలో ఉన్న స్టార్టప్ ఫైల్లో రాసేస్తారు. ఆ రోజుకు బాగుంటుంది. నెల తర్వాత వేరే ఎమ్యులేటరు నుంచి వస్తే, లేదా టీమక్స్, స్క్రీన్ లాంటివాటి లోపల పని చేస్తే అంతా చెడుతుంది. కారణం గుర్తుండదు. టెర్మ్ పేరు చెప్పాల్సింది ఎమ్యులేటరు. పుట్టీలో కనెక్షన్ కింద డేటా పేజీలో టెర్మినల్ రకం గడి ఉంది, అక్కడ మార్చండి.

దుబాసి పేరు తప్పైనప్పుడు వచ్చే ఒక లక్షణం భలే పట్టిస్తుంది. ఫైలు చదివే "లెస్"లో ఒక మాట వెతికితే, దొరికిన మాట తిరగేసిన రంగుల్లో కాకుండా వాలు అక్షరాల్లో వస్తుంది. అంటే టెర్మ్ విలువ స్క్రీన్ అని ఉంది, మీరు మాత్రం స్క్రీన్ ప్రోగ్రాము లోపల లేరు. స్క్రీన్ నిఘంటువులో ప్రస్ఫుటంగా చూపించడానికి వాడే సంకేతం, మిగతా తెరలకు వాలు అక్షరాల సంకేతం. రెండు భాషల్లో ఒకే మాటకు రెండు అర్థాలు.

మీ ఎమ్యులేటరు పేరే తెలియని పాత సర్వరు అయితే? "ఈ టెర్మినల్ రకం నాకు తెలియదు" అని లాగిన్‌లోనే చెబుతుంది. ఆ సెషన్ వరకు ఎక్స్‌టెర్మ్ అని పెట్టి చూడండి. అదీ తెలియదంటే వీటీ100. రంగులుండవు, పని మాత్రం సాగుతుంది. కొత్త మెషీన్‌లో "ఇన్ఫోసీఎమ్‌పీ"తో ఆ పేరు వివరం ఫైల్లోకి తీసి, పాత సర్వరు మీద మీ హోమ్ డైరెక్టరీలో "టిక్"తో ఎక్కించుకోవచ్చు. అడ్మిన్ అనుమతి అక్కర్లేకుండా మీ ఒక్కరికే పనిచేస్తుంది.

9. స్లాష్ కొడితే ఫ్రెంచి ఇ పడుతోందా?

ఇది తెర తప్పు కాదు, కీబోర్డుది. కానీ ఫోను చేసి అడిగేవాళ్ళలో సగం మంది టెర్మినల్ పాడైందనే అనుకుంటారు. కెనడాలో అమ్మే కంప్యూటర్లలో కెనడియన్ ఫ్రెంచి కీబోర్డు కూడా తరచూ ఎక్కించి ఉంటుంది. చెయ్యి తగిలి అది మారిపోతుంది. అప్పుడు స్లాష్ ఉండాల్సిన మీటకు గుర్తున్న ఇ వస్తుంది, డైరెక్టరీ దారి ఒక్కటీ పనిచేయదు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కండి, ఇంగ్లిషుకు తిరిగొస్తుంది. ఫ్రెంచి మీకు ఎన్నడూ అవసరం లేకపోతే భాషల సెట్టింగుల్లోంచి ఆ కీబోర్డు తీసేయండి.

10. అడగండి, రాసి పెట్టండి

అడగడానికి మాటలు దొరకడం లేదా? ఇలా అడగండి: "మీ సెషన్ సెట్టింగుల ఫైలు నాకు ఇస్తారా? నా తెర మీ తెరలా కనబడటం లేదు." చిన్నతనం ఏమీ లేదు ఇందులో. చాలా ఎమ్యులేటర్లలో సెట్టింగులు ఒక చిన్న ఫైలుగా ఇచ్చి పుచ్చుకోవచ్చు. ఎదుటివాళ్ళకు రెండు నిమిషాలు, మీకు ఒక వారం మిగులుతుంది.

మీ తెర బాగుపడిన రోజే ఒక కాగితం మీద రాయండి: ఎమ్యులేటరు పేరు, వెర్షన్, టెర్మినల్ రకం, కోడ్ పేజీ, ఫాంటు, మార్చిన రంగుల అంకెలు, ఏ లక్షణం చూసి ఏది మార్చారో ఒక్కో వరస. తర్వాత చేరినవాళ్ళు మూడో రోజున మీ సీటు దగ్గరికి వస్తారు, లేదా రాలేక తల ఊపుతుంటారు. మీరే లేచి వెళ్ళండి.

పెద్దాయన రిటైరైన రోజు నా డెస్కు మీద ఆయన కాగితం పెట్టి వెళ్ళారు. మడతల దగ్గర చిరిగితే టేపు వేసి ఉంది. నేను దాన్ని టైపు చేసి, మొదటి వరస ఆయన రాసినట్టే ఉంచి, కొత్తగా చేరినవాళ్ళందరికీ ఇస్తున్నాను: "3279 మోడల్ 5. కోడ్ పేజీ 037. ఎరుపు కనబడకపోతే వెంటనే చెప్పాలి."